తూము తెరిస్తే సరిపోతుందా?

బాన్సువాడలో ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌గా పనిచేసే అమ్మాయి నాకు పరిచయం. మండల స్థాయిలో ఈ పని చేసే ఆడవాళ్లు ఎంతమంది ఉంటారో మీకు తెలియంది కాదు. బీడీలు చుట్టేవాళ్లకు ఆకు తక్కువ తూచి, బీడీలు మాత్రం లెక్క తప్పకుండా అడుగుతున్నారని ఆమె ఒక వార్త రాసింది. ఇల్లిల్లూ తిరిగి, చాటల ముందు కూర్చుని, వాళ్ల మాటలు విని రాసింది. ఆ వార్త రాలేదు. అది రావలసిన రోజు జిల్లా పేజీలో ఒక నాయకుడికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పే ప్రకటన వచ్చింది. ఆ ప్రకటన అడిగి తెచ్చిందీ ఆమే. అది కూడా ఆమె ఉద్యోగంలో భాగమే. జీతం లేని ఉద్యోగంలో.

"ఎవరు ఆపారు?" అని అడిగాను.

"ఎవ్వలు ఆపలేదక్కా. ఆపినోళ్ల పేరు దొరికితే కొట్లాడుదును. గని అచ్చు గాలే, గంతే."

సాహిత్యంలో పరిశోధన చేసిన నాకు పత్రికాస్వేచ్ఛ అంటే నిషేధాల చరిత్రగానే పరిచయం. ఏ పుస్తకాన్ని ఎప్పుడు జప్తు చేశారు, ఏ సంపాదకుణ్ణి జైల్లో పెట్టారు, ఏ సంచికను ఏ చట్టం కింద ఆపారు - ఇదే లెక్క. ఆ లెక్కలో ఈ అమ్మాయి వార్తకు చోటు లేదు. నిషేధించని దాన్ని నిషేధాల జాబితాలో ఎలా చేరుస్తాం?

నియంతృత్వంలో సంకెళ్లు, ప్రజాస్వామ్యంలో స్వేచ్ఛ అని మనం చదువుకున్నాం. అందులో నిజం లేదని అనను. మా ప్రాంతమే అందుకు సాక్ష్యం. నిజాం పాలనలో సభ పెట్టుకోవాలన్నా ముందుగా అనుమతి కావాలి. హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాసినందుకు 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టు 21 రాత్రి కాచిగూడలో దాడి చేసి, చేయి నరికి చంపారు. అదే కాలంలో దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి మా నిజామాబాదు జైల్లో ఉన్నారు. దాశరథి జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. అక్కడ శత్రువు ఎవరో స్పష్టం. ఆ స్పష్టతే వాళ్ల రాతకు పదును పెట్టింది.

కానీ స్త్రీల రచనల వైపు నుంచి చూస్తే ఈ గీత ఇంత నిటారుగా ఉండదు. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'నే తీసుకోండి. పద్దెనిమిదో శతాబ్దంలో, తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో, అంటే పచ్చి రాచరికంలో, ఆమె ఆ కావ్యం రాసి గౌరవం పొందింది. అచ్చుయంత్రం, చదువులు, సంఘసంస్కరణ అన్నీ వచ్చిన తర్వాత అదే కావ్యం బూతయింది. కందుకూరి వీరేశలింగం వంటి సంస్కర్తే ఆమెను తప్పుబట్టాడు. కోతలు పడ్డ పాత ముద్రణను చూసి, అసలు ప్రతి వెతికి, బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని పూర్తిగా అచ్చువేయించింది. బ్రిటిష్ ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకుని, పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం తొలగింది టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రభుత్వానికి నాయకుడిగా ఉన్నప్పుడు.

ఈ కథలో రెండు విషయాలు గమనించాలి. సర్కారు చేతికి నిషేధం అనే కత్తిని అందించింది చదువుకున్న మన మగవాళ్ల అభిరుచి. అదే శృంగారం పురుషుడు రాస్తే ప్రబంధమైంది, స్త్రీ రాస్తే అశ్లీలమైంది. రెండో విషయం, ఆ నిషేధాన్ని ఎత్తివేసింది ఎన్నికైన ప్రభుత్వం. అందుకే ఏ పాలనయినా ఒకటేనని తేల్చేసే నిరాశ నాకు లేదు. ప్రజాస్వామ్యంలో తలుపు తట్టే వీలుంది. అయితే ఎవరు తట్టగలరు, ఎంతకాలం తట్టాలి అన్నదే ప్రశ్న.

రాజ్యాంగం 19వ అధికరణంలో భావప్రకటన స్వేచ్ఛ ఇచ్చింది. ఆంధ్ర జిల్లాలు కూడా కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రం 'క్రాస్‌రోడ్స్' అనే వారపత్రిక తన గడపలోకి రాకూడదని ఆంక్ష పెడితే, 1950లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. మరుసటి ఏడాదే మొదటి రాజ్యాంగ సవరణ చేసి 'ప్రజాశాంతి' అనే మాటను పరిమితుల్లో చేర్చారు. సభ్యత, నైతికత అప్పటికే అందులో ఉన్నాయి. ముద్దుపళని పుస్తకాన్ని జప్తు చేయడానికి పనికొచ్చిన మాటలే స్వతంత్ర భారతంలోనూ కొనసాగాయన్నమాట. 1975 జూన్ నుంచి 1977 మార్చి వరకు సాగిన ఎమర్జెన్సీలో సెన్సారు అధికారి బాహాటంగానే వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత బాహాటంగా రావలసిన అవసరం తగ్గింది. 2014 జూన్‌లో కొత్త తెలంగాణ రాష్ట్రంలో రెండు తెలుగు న్యూస్ ఛానెళ్ల ప్రసారాలు ఆగిపోయాయి. ప్రభుత్వ ఉత్తర్వు ఏదీ లేదు, ఆపింది కేబుల్ ఆపరేటర్లు. పాలకులు మారిన తర్వాత, 2025 మార్చిలో, ముఖ్యమంత్రిని దూషించిన ఒక వ్యక్తి మాటల వీడియో విషయంలో ఇద్దరు మహిళా జర్నలిస్టులను హైదరాబాదులో తెల్లవారుజామున అరెస్టు చేశారు. పెట్టిన సెక్షన్లలో వ్యవస్థీకృత నేరం కూడా ఉంది. కొన్ని రోజులకు బెయిలు వచ్చింది. బెయిలు రావడం ప్రజాస్వామ్యమే. తెల్లవారుజామున తలుపు కొట్టడం మాత్రం ఏ పాలన లక్షణం?

ఇవన్నీ పేరున్న నిర్బంధాలు. పేరులేని వాటి గురించి మంజీరకు ఎగువన, జహీరాబాదు ప్రాంతంలోని మాచునూరు నుంచి నేర్చుకోవచ్చు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు తమకొక రేడియో కావాలనుకున్నారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. యునెస్కో సహాయంతో 1990ల చివరికల్లా స్టూడియో సిద్ధమైంది. లైసెన్సు మాత్రం రాలేదు. 2002లో ప్రభుత్వం సామాజిక రేడియోకు అనుమతి ఇచ్చింది గానీ అది విద్యాసంస్థలకే. చదువుకున్నవాళ్లు మాట్లాడవచ్చు, విత్తనం దాచే స్త్రీ మాట్లాడటానికి అర్హత చాలదు! అప్పటిదాకా ఆ స్త్రీలు తమ మాటను, పాటను క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నారు. 2006లో నిబంధనలు మారాక, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించింది 1995 తీర్పు ఇచ్చిన జస్టిస్ పి.బి. సావంత్. తీర్పు ఆ ఊరు చేరడానికి పదమూడేళ్లు పట్టింది.

చేరాక కూడా ఒక షరతు ఉంది. 2006 విధానం ప్రకారం సామాజిక రేడియో వార్తలు చెప్పకూడదు. జొన్న గురించి మాట్లాడవచ్చు, బతుకమ్మ పాట పాడవచ్చు. కానీ ఆ జొన్నను రేషన్‌లో ఎందుకు ఇవ్వరని అడిగితే అది వార్త కిందికి వస్తుందా, రాజకీయం కిందికి వస్తుందా? స్త్రీ మాట అంటే సంస్కృతి, మగవాడి మాట అంటే వార్త అన్న పాత విభజనే ఇక్కడ చట్టరూపంలో కనిపిస్తుంది.

సర్కారుతో పనిలేని మౌనాలు కూడా ఉన్నాయి. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు 'మనకు తెలియని మన చరిత్ర'గా రావడానికి 1986 దాకా ఆగాల్సి వచ్చింది. స్త్రీశక్తి సంఘటన వెళ్లి అడిగేదాకా ఆ మాటలు అలా పుస్తకానికి ఎక్కలేదు. వాటి మీద ఏ నిషేధమూ లేదు. అవి చరిత్ర అని ఎవరికీ తోచలేదు, అంతే. ఆ "అంతే"లో బాన్సువాడ అమ్మాయి "గంతే" నాకు వినిపిస్తుంది.

మాది నిజాంసాగర్ ఆయకట్టు ప్రాంతం. తూము మూసి నీళ్లు ఆపితే రైతులు గుంపుగా పోయి అడుగుతారు. తూము తెరిచే ఉండి, కాలువలో నీళ్లు కనబడుతూనే ఉండి, చివరి పొలానికి మాత్రం అందకపోతే ఎవరిని అడగాలి? నియంతృత్వం తూము మూస్తుంది. ప్రజాస్వామ్యం తూము తెరిచి, కాలువ చివర ఎవరున్నారో చూడటం మరిచిపోతుంది. అడిగే హక్కు మిగిలి ఉండటమే తేడా. అది చిన్న తేడా కాదు. కానీ అడగాలంటే ముందు మనం కాలువ వెంట చివరిదాకా నడవాలి.

ఇది రాస్తూ నా సంగతి చెప్పకపోతే అన్యాయం. ఆ అచ్చుగాని వార్తను ఒక సంకలనంలో వేద్దామని నేను ఆమె దగ్గర తీసుకున్నాను. "భాష కొంచెం సరిచేస్తా"నని చెప్పి కూర్చున్నాను. బీడీలు చుట్టే ఆడవాళ్లు అన్న మాటలన్నింటినీ శుభ్రమైన వాక్యాలుగా మార్చాను. తిట్లు తీసేశాను. టేకేదారు ప్రస్తావనను "మధ్యవర్తులు" అని సర్దాను. ఆమె చదివి, "మంచిగనే ఉందక్కా. గని ఇది వాళ్లు చెప్పింది కాదు" అంది. నాకు ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు, ఎవరూ భయపెట్టలేదు. కోసింది నేనే. నాగరత్నమ్మ కంటే ముందు ముద్దుపళనిని కోసినవాళ్లను తప్పుపడుతూ నేను రాసిన పేజీలు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆమె రాసిన ప్రతి ఇప్పుడు నా ముందుంది. తిట్లతో సహా, టేకేదారుతో సహా, అలాగే టైపు చేస్తున్నాను.