ఆపింది ఎవరు?

లక్షన్నర పోసి అసెంబుల్ చేయించిన కొత్త గేమింగ్ కంప్యూటర్ ఆట మధ్యలో టప్పున ఆరిపోతే, కొన్నవాడికి ముందు పుట్టే అనుమానం ఏదో కాలిపోయిందని. బల్ల ముందు కూర్చున్న మెకానిక్ అలా అనుకోడు. దీన్ని ఎవరో ఆపారు అనుకుంటాడు. ఇప్పటి కంప్యూటర్‌లో ఉన్నట్టుండి ఆరిపోవడం చాలాసార్లు చావు కాదు, జాగ్రత్త. లోపలి భాగాల్లో ఏదో ఒకటి ప్రమాదం పసిగట్టి కరెంటు తెగ్గొట్టి ఉంటుంది. తెగ్గొట్టింది గోడ కరెంటును భాగాలకు పంచే ఎస్సెంపీఎస్సా, వేడి తట్టుకోలేని ప్రాసెసరా, లేక కరెంటు గోడ దగ్గరే తెగిందా? ఈ ప్రశ్నకు జవాబు రాకముందే స్క్రూడ్రైవర్ పట్టుకునేవాడు నా లెక్కలో మెకానిక్ కాడు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ సీటీసీ అంటారు. చెన్నైకి రిచీ స్ట్రీట్, బెంగళూరుకు ఎస్పీ రోడ్డు, ఢిల్లీకి నెహ్రూ ప్లేస్ ఎలాగో మనకు అది అలాగ. ఇలాంటి బజార్లలో పాఠ్యపుస్తకం లేని విద్య ఒకటి ఉంది. బల్ల పక్కన నిలబడి, చెప్పింది అందిస్తూ, తిట్లు తింటూ నేర్చుకునేది. రేడియో రిపేరు కొట్టు నుంచి టీవీ రిపేరుకు, అక్కడినుంచి కంప్యూటర్‌కు చేతులు మారుతూ వచ్చింది. వస్తువులు మారాయి కానీ అడిగే తీరు మారలేదు. మంచి బల్ల దగ్గర సంభాషణ దాదాపు ఇలా సాగుతుంది:

"ఎట్ల బందయితుంది తమ్మీ?"

"గేమ్ పెట్టినంక కొంచెం సేపటికి, అన్నా."

"సినిమా పెడితే?"

"రాత్రంతా ఆడుతది. ఏం కాదు."

"బందయినంక బటన్ నొక్కితే వస్తదా, ఎనక స్విచ్ ఆఫ్ చేసి ఏస్తేనే వస్తదా?"

ఆ చివరి ప్రశ్నలోనే సగం పని అయిపోతుంది. లోడు మితిమీరినా, ఎక్కడైనా షార్ట్ అయినా చాలా ఎస్సెంపీఎస్‌లు ఆగి, అలాగే బిగుసుకుపోతాయి. వెనక స్విచ్ ఆర్పి, కొన్ని సెకన్లు ఆగి వేస్తే గాని ముందున్న బటన్‌కు పలకవు. కాబట్టి 'వెనక స్విచ్ వేస్తేనే' అన్న జవాబు వస్తే వేలు ఎస్సెంపీఎస్ వైపు తిరుగుతుంది. బటన్ నొక్కగానే వచ్చి, ఈసారి ముందుకంటే తొందరగా ఆరిపోతే వేడిని అనుమానించాలి, ఎందుకంటే లోపలి లోహం ఇంకా చల్లారలేదు. ఎవరూ ముట్టకుండానే తిరిగి ఆన్ అయితే ఇంట్లో కరెంటు ఒక్క క్షణం పోయివచ్చిందేమో చూడాలి, లేదా విండోస్ తనే కూలి రీస్టార్ట్ అయిందేమో చూడాలి. ఈ రెండోదాన్ని తేల్చడానికి ఖర్చేమీ లేదు. సిస్టమ్ సెట్టింగుల్లో 'ఆటోమేటిక్ రీస్టార్ట్' దగ్గర టిక్కు తీసేస్తే ఈసారి విండోస్ కూలినప్పుడు వచ్చే తెర మాయమవకుండా నిలబడుతుంది, దాని మీది కోడ్ చదువుకోవచ్చు.

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్ పవర్ 41' అనే ఎర్రగుర్తు చూసి కుర్రాళ్లు బెంబేలు పడుతుంటారు. అది రోగం పేరు కాదు. గతసారి కంప్యూటర్ పద్ధతి ప్రకారం ఆగలేదని, మళ్లీ లేచాక విండోస్ రాసుకున్న హాజరు పట్టీ మాత్రమే. అందులో చూడాల్సింది బగ్‌చెక్ కోడ్. అక్కడ సున్నా ఉంటే, పోయేముందు ఆ కోడ్ రాసుకునే వ్యవధి కూడా విండోస్‌కు దొరకలేదని అర్థం చేసుకోవచ్చు. అంటే కరెంటు తెగి ఉండటానికే అవకాశం ఎక్కువ. సున్నా కాక ఇంకేదైనా ఉంటే ర్యామ్, డ్రైవర్, ఓవర్‌క్లాక్ వైపు నడవాలి. ఇంత సాక్ష్యం దొరికే చోట "ముందు ఫార్మాట్ కొడదాం" అనే కొట్లు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ల మీద నాకు జాలి లేదు. ఆ మాటతో లాగ్ చెరిగిపోతుంది, కస్టమర్ ఫొటోలు పోతాయి, కంప్యూటర్ మాత్రం మరునాడు అదే ఆట దగ్గర ఆరిపోతుంది.

గేమింగ్ యంత్రాల్లో నేను ముందుగా చూడమనేది ఎస్సెంపీఎస్‌నే. కొత్తదైనా సరే, కొత్తదైతే ఇంకా సరే. బడ్జెట్ అంతా గ్రాఫిక్ కార్డు మింగేశాక మిగిలిన డబ్బుతో కొనేది అదే కదా. పక్కనున్న స్టిక్కర్ చదవడం ఈ విద్యలో మొదటి పాఠం. పెద్దక్షరాల్లో 450 వాట్లు అని ఉంటుంది. దాన్ని వదిలేసి, చిన్నక్షరాల్లో 12 వోల్టుల వరుస దగ్గర ఎన్ని ఆంపియర్లు రాశారో చూడాలి. 18 అని ఉంటే పన్నెండు పద్దెనిమిదులు 216. ప్రాసెసర్, గ్రాఫిక్ కార్డు రెండూ తినేది ఆ వరుస నుంచే. ఆ 450 ఎవరి కోసం రాశారో రాసినవాడికే తెలియాలి. 2004లో మొదలైన 80 ప్లస్ ముద్రను కూడా జనం అపార్థం చేసుకుంటారు. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా లోపలికి ఇస్తోందో అది చెబుతుంది. ఒక్కసారిగా లాగినప్పుడు తట్టుకుంటుందా లేదా అన్నది ఆ ముద్ర పని కాదు.

ఒక్కసారిగా లాగడమే ఈ కాలపు పెద్ద తంటా. 2020లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3080 వచ్చినప్పుడు దాని లెక్క 320 వాట్లు. అది సగటు లెక్క. ఆటలో దృశ్యం మారే క్షణాన, మిల్లీసెకను కూడా నిండని వ్యవధిలో, కార్డు అంతకంటే చాలా ఎక్కువ లాగుతుంది. మీటరు ముల్లు కదిలేలోపే అది అయిపోతుంది. ఎస్సెంపీఎస్‌లోని కాపలా సర్క్యూటుకు మాత్రం ఆ కుదుపు కనిపిస్తుంది, ఎక్కడో షార్ట్ అయిందనుకుని ఆపేస్తుంది. వాట్ల లెక్క సరిపోయిన సిస్టమ్‌లు కూడా ఆరిపోయింది ఇందుకే. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ సంగతిని ఒప్పుకుని, తన స్థాయికి రెట్టింపు లోడును 100 మైక్రోసెకన్ల పాటు ఎస్సెంపీఎస్ ఓర్చుకోవాలని రాసింది. ఈ కుదుపుల వల్లే సినిమాకు ఆరని యంత్రం ఆటకు ఆరుతుంది. బల్ల దగ్గర ఇంకో చిన్న పరీక్ష ఉంది. ఆటలోనే ఫ్రేముల సంఖ్యకు అరవై దగ్గర పగ్గం వేసి చూస్తారు. కార్డు లాగుడు తగ్గి కంప్యూటర్ గంటలకొద్దీ నిలబడితే అనుమానం బలపడినట్టే.

కేబుళ్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. కార్డుకు రెండు ఎనిమిది పిన్నుల సాకెట్లుంటే, ఒకే తీగకున్న రెండు తలలు పెట్టకుండా రెండు వేర్వేరు తీగలు లాగాలి. పాత ఎస్సెంపీఎస్‌తో వచ్చిన మాడ్యులర్ కేబుల్ కొత్తదానికి పట్టినంత మాత్రాన పెట్టకూడదు, లోపల పిన్నుల వరుస వేరుగా ఉండొచ్చు. 2022లో ఆర్‌టీఎక్స్ 4090ల కొత్త కనెక్టర్లు కరిగిన గొడవ తర్వాత, తీగ చివరిదాకా దిగిందో లేదో గోరు పెట్టి చూడటం అందరికీ అలవాటైంది.

పాత రేడియో కొట్టు వారసత్వం బాగా కనపడేది సీరీస్ బల్బు దగ్గర. చెక్క మీద ఒక హోల్డరు, ఒక ప్లగ్గు, నూరు వాట్ల ఫిలమెంటు బల్బు. అనుమానం ఉన్న ఎస్సెంపీఎస్‌ను ఈ బల్బు వెనక సీరీస్‌లో కలుపుతారు. మంచిదైతే లోపలి కెపాసిటర్ నిండేటప్పుడు బల్బు ఒకసారి మెరిసి మసకబారుతుంది. లోపల షార్ట్ ఉంటే నిండుగా వెలిగి అలాగే ఉంటుంది. ఫ్యూజు పేలదు, బోర్డు కాలదు, మెకానిక్ ముఖం మీదికి ఏదీ ఎగరదు. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు కాబట్టి కొందరు పాత బల్బుల్ని అపురూపంగా దాచుకుంటారు. అయితే దీని హద్దు కూడా తెలిసి ఉండాలి. బతికుందా లేదా అన్నదే బల్బు చెబుతుంది, ఆట లోడు మోస్తుందా లేదా అన్నది చెప్పలేదు. ఇంకో మాట: ఎస్సెంపీఎస్ డబ్బా ఇంట్లో విప్పొద్దు. ప్లగ్గు పీకాక కూడా అందులోని పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 400 వోల్టులు నిలిచి ఉండొచ్చు.

వేడి విషయంలో కాలం మారింది. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైట్ వాళ్లు నడుస్తున్న కంప్యూటర్ల ప్రాసెసర్ల మీది హీట్‌సింకులు పీకి వీడియో తీశారు. ఏఎండీ అథ్లాన్ పొగలు కక్కి చచ్చిపోయింది. పెంటియం 4 మాత్రం వేగం తగ్గించుకుని క్వేక్ 3 ఆటను ఈడ్చుకుంటూ నడిపింది. ఇవాళ ఇంటెల్, ఏఎండీ రెండూ ఆ రెండో దారిలోనే ఉన్నాయి. రైజెన్ 7000 వరుసలో చాలా చిప్పులకు 95 డిగ్రీలు, ఇంటెల్‌లో చాలావాటికి 100 డిగ్రీలు గీత. అక్కడికి చేరితే ముందు నెమ్మదిస్తాయి, అయినా ఆగక పైకి పోతేనే కరెంటు తెగ్గొట్టిస్తాయి. కాబట్టి ఫ్యానులో కాస్త దుమ్ము పడితే ఆట నత్తనడక నడుస్తుంది గాని కంప్యూటర్ ఆరిపోదు. ఆరిపోయిందంటే తప్పు పెద్దదే: వాటర్ కూలర్ పంపుకు తీగ పెట్టలేదు, కూలర్ ఒక మూల స్క్రూ బిగియలేదు, లేదా కూలర్ అడుగున 'తీసేయండి' అని రాసి ఉన్న ప్లాస్టిక్ పొరను తీయకుండానే బిగించారు. కొత్త యంత్రాల్లో ఈ పొర ఎంత తరచుగా దొరుకుతుందో చెబితే నమ్మరు. కొత్త పేస్టు మీద పొర ముడతలు అచ్చు పడి ఉంటాయి.

రామగుండం, రెంటచింతల వైపు మే నెలలో గదిలోనే నలభై డిగ్రీలుంటే ఏసీ గదిలో చేసిన పరీక్షకు విలువ లేదు. పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాను పెట్టి ఆడించి చూడటం మొరటు పద్ధతిలా కనిపిస్తుంది కానీ, అది ఇచ్చే జవాబు కచ్చితమైనది. అప్పుడు నిలబడితే తప్పు క్యాబినెట్ గాలిది.

ఇవేవీ తేల్చకపోతే అంతా బయటికి తీస్తారు. మదర్‌బోర్డును దాని అట్టపెట్టె మీద పరుస్తారు. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, అంతే. ఇంటెల్ 'ఎఫ్' రకం చిప్ అయితే అందులో డిస్‌ప్లే ఉండదు కాబట్టి గ్రాఫిక్ కార్డు తప్పదు. క్యాబినెట్ బటన్ తీగలు పీకేసి, పవర్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో తాకించి ఆన్ చేస్తారు. ఇక్కడ హాయిగా నడిస్తే నేరం క్యాబినెట్‌లో ఉంది: నొక్కుకుపోయిన రీసెట్ బటనో, బోర్డు వెనక రంధ్రం లేని చోట మిగిలిపోయిన ఇత్తడి స్టాండాఫో. ఆ తర్వాత ఒక్కొక్క భాగమే తిరిగి చేరుతుంది. పక్క షాపులో అడిగి తెచ్చిన ఎస్సెంపీఎస్ పెడతారు, ఆడిస్తారు, తీస్తారు. ఒక్కసారి రెండు మార్చినవాడికి పని అయినా జవాబు దొరకదు. ఈ బజార్ల అసలు బలం ఈ అరువే. ఇంట్లో ఒంటరిగా కూర్చున్న కుర్రాడి దగ్గర ఓసీసీటీ, మెమ్‌టెస్ట్ లాంటి పరీక్ష ప్రోగ్రాములన్నీ ఉంటాయి, మారుస్తూ చూడ్డానికి రెండో ఎస్సెంపీఎస్ మాత్రం ఉండదు.

షాపులో రెండు రోజులు నడిచి, ఇంటికి తీసుకెళ్లగానే ఆరిపోయే కేసుల్లో కంప్యూటర్‌ను వదిలేసి ఇంటిని చూడాలి. పాత కంప్యూటర్‌తో కొన్న 600 వీఏ యూపీఎస్ ఇంకా టేబుల్ కింద ఉంటుంది. అది మోసేది 360 వాట్లు. ఆటలో కొత్త యంత్రం 450 లాగుతున్నప్పుడు కరెంటు పోతే యూపీఎస్ ఒక్క కూత కూసి చేతులెత్తేస్తుంది. ఇంటి ఇన్వర్టర్ అయితే వెనక ఉన్న 'యూపీఎస్ మోడ్' మీట నొక్కి ఉందో లేదో చూడాలి. మన కరెంటులో ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు. నిండు లోడు మీద ఎస్సెంపీఎస్ ఊపిరి బిగబట్టేది అంతకంటే తక్కువే. ఇన్వర్టర్ తీరిగ్గా మారితే ఎస్సెంపీఎస్ అంతవరకు ఓపిక పట్టదు. క్యాబినెట్‌కు టెస్టర్ ఆనిస్తే వెలిగిందంటే ఎర్తింగ్ లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు ప్లగ్గు వేడిగా ఉందంటే లూజు.

ఇంత తేల్చడం ఎందుకు, షాపువాడి మొహాన పడేసి రావచ్చుగా అంటారు. అసెంబుల్డ్ సిస్టమ్‌లో ప్రతి భాగానికీ వారంటీ ఉంటుంది, మొత్తానికి ఉండదు. ప్రాసెసర్‌ది ఒక సర్వీస్ సెంటర్, బోర్డుది ఒకటి, ఎస్సెంపీఎస్‌ది ఇంకొకటి. తప్పు భాగాన్ని పట్టుకెళ్తే వారాల తర్వాత 'టెస్టెడ్ ఓకే' అన్న కాగితంతో తిరిగొస్తుంది. సరైనదే తీసుకెళ్లినా, లోడు లేకుండా ఆన్ చేసి చూసి అదే కాగితం ఇస్తారు. అందుకే తెలిసిన మెకానిక్‌లు ఎస్సెంపీఎస్ డబ్బా మీద ఒక చీటీ అంటించి పంపుతారు: ఏ కార్డుతో, ఏ ఆటలో, ఎన్ని నిమిషాలకు ఆగింది, వెనక స్విచ్ వేస్తేనే వచ్చింది, వేరే ఎస్సెంపీఎస్‌తో రోజంతా ఆగలేదు. కౌంటర్‌లో ఆ చీటీ చదివే మనిషి ఉంటే పని అక్కడే అయిపోతుంది. లేకపోతే లోపలున్న ఇంజనీరును పిలవమని పట్టుబట్టాలి.