ఆ రెండున్నర కిలోలు

మా మేనల్లుడు ఈ వారం ఫోన్‌లో ఒక పట్టిక పంపాడు. మన దేశపు మహిళా వెయిట్‌లిఫ్టర్లలో ఎవరు గొప్పో తేల్చే పట్టికట. ఎత్తిన బరువుని పోటీపడిన విభాగంతో భాగించేశాడు. టోక్యోలో మీరాబాయి చాను 49 కిలోల విభాగంలో ఎత్తింది 202 కిలోలు, అంటే 4.12 రెట్లు. సిడ్నీలో మన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 240, అంటే 3.48 రెట్లు. కింద ఒక ముక్క తగిలించాడు: "ఏటి మావయ్యా, మీ ఆమదాలవలస లెక్క తేలిపోనాదా?"

తేలలేదురా. ఈ కాలమ్ చదివేవాళ్లకి నా సంగతి తెలుసు. సగటు అన్న మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. భాగహారంతో బలం తేలితే చీమని మించిన మల్లుడు లేడు. శరీరం పెరిగినంతగా బలం పెరగదు. చిన్న ఒంటివాళ్లకి ఈ లెక్క ఎప్పుడూ అనుకూలమే. అందుకే సింక్లెయిర్ సూత్రమని వేరే కొలత పెట్టుకున్నారు. దాని గుణకాలనీ ఒలింపిక్స్‌కి ఒకసారి సవరిస్తుంటారు. నాలుగేళ్లకోసారి కొలబద్దే మారిపోతుంటే ఆ కాలాన్నీ ఈ కాలాన్నీ పక్కపక్కన నిలబెట్టేదెలా?

నిలబెట్టకూడదనే నా పాత వాదన. దానికి బీజం వేసింది మా తాతే.

వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారిని చూశానని తాత చెప్పుకునేవాడు. విజయనగరంలో వ్యాయామం నేర్పి, తర్వాత సర్కస్ పెట్టి దేశాలు తిరిగిన మనిషి. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసుని ఊపిరి బిగబట్టి తెంపడం, రెండు మోటారు కార్లని రెండు చేతులతో ఆపడం, గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకోవడం... తాత ఇవన్నీ వేళ్ల మీద లెక్కపెట్టేవాడు. నా చిన్నప్పుడు ఆ ఏనుగు రామ్మూర్తి గారి గుండెల మీద రెండు నిమిషాలు ఉండేది. నేను హైస్కూల్లో చేరేసరికి అయిదు నిమిషాలైంది. నేను కాలేజీకి వెళ్లాక మావటి కూడా ఎక్కాడు. "ఎంత బరువుండీది తాతా ఆ ఏనుగు?" అని అడిగితే కసిరేవాడు: "ఏనుగుని తూకం ఎవులేస్తార్రా? సూస్తే తెలీదేటి?" చూసినవాడికి తెలుసు, చూడనివాడు నమ్మాలి. ఇక పోల్చడానికి ఏముంది?

మల్లీశ్వరి విషయంలో అంతా తూకం వేసే ఉంది. అయినా చిక్కు తీరదు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట పిల్ల 1994, 1995ల్లో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. మంచి ఊపు మీదున్న ఆ రోజుల్లో, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి వెయిట్‌లిఫ్టింగే లేదు. అది 2000 సిడ్నీలో వచ్చింది. అప్పటికి ఆమె 54 నుంచి 69కి మారింది. ఆమెని ఆమెతోనే పోల్చలేం! విభాగాలూ ఊరుకోలేదు. 1998లో మార్చారు, 2018లో మార్చి 69ని ఎత్తేశారు, 2025లో మళ్లీ తెచ్చి పెట్టారు. మార్చినప్పుడల్లా పాత రికార్డుల పద్దు మూసేసి కొత్తది తెరుస్తారు.

ఇంతవరకూ రాసి, మేనల్లుడి నోరు మూయిద్దామని పట్టికని ఇంకోసారి చూశాను. చూస్తుంటే నాకే ఒక లెక్క తట్టింది. ఆ రోజు అదే వేదికపై, అవే రూల్స్‌తో ఎత్తినవాళ్లతో పోలిస్తే?

సిడ్నీలో స్వర్ణం చైనా లిన్ వీనింగ్‌ది, మొత్తం 242.5. హంగరీ మార్కుష్ కూడా అంతే ఎత్తింది, కానీ ఒంటి బరువు ఎక్కువని రజతం దక్కింది. మల్లీశ్వరి స్నాచ్‌లో 110, జెర్క్‌లో 130, మొత్తం 240. స్వర్ణానికి దూరం రెండున్నర కిలోలు, నూటికి ఒక కిలో చొప్పున. టోక్యోలో హౌ జిహుయి 210 ఎత్తితే మీరాబాయి 202. దూరం ఎనిమిది కిలోలు, నూటికి దాదాపు నాలుగు. 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో మన కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 188, స్వర్ణం అందుకున్న పాపువా న్యూగినీ డికా టౌవా 193. సంతోషి ముందు కాంస్యంతోనే వచ్చింది. మొదట గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో అది రజతమైంది. ఈ కొలతలో మీరాబాయి రజతం కన్నా మల్లీశ్వరి కాంస్యమే స్వర్ణానికి దగ్గర. భాగహారం తిరగబడింది. పోల్చకూడదని దశాబ్దాలుగా వాదిస్తున్నవాణ్ని, కాగితం పట్టుకుని కూర్చున్నాను!

ఇంకా లాగాను. మల్లీశ్వరి ఆఖరి ప్రయత్నానికి అడిగింది 137.5. లేవలేదు. అప్పట్లో బరువు రెండున్నర కిలోల చొప్పున పెంచాలి. ఇప్పుడు ఒక్కో కిలో పెంచుకోవచ్చు. ఈనాటి రూలైతే 133 అడిగితే చాలు, మొత్తం 243, స్వర్ణం మనదే!

ఇది మేనల్లుడికి పంపితే నిమిషంలో జవాబొచ్చింది: "ఆ రూలుంటే ఆ చైనా పిల్ల కూడా ఇంకో కిలో పెంచీదే కదా మావయ్యా." నిజమే. పైగా మీరాబాయికీ మూడోస్థానంలో ఉన్న ఇండోనేషియా అమ్మాయికీ కూడా ఎనిమిది కిలోల దూరమే. ఆ పిల్ల 194. వెనక నుంచి చూస్తే మన ముగ్గురిలో మీరాబాయి అంత భద్రంగా ఎవరూ నిలబడలేదు.

అయినా నా కొలతని వదలను. కాలాలు పోల్చకూడదన్న పాత మాటని మాత్రం ఉపసంహరించుకుంటున్నాను. ఎదుటివాళ్లకి ఎంత దూరంలో ఉన్నారో అది చూసి పోల్చండి, కిలోలు చూసి కాదు. వచ్చే వారం ఇదే కొలతని మా విజయనగరం విజ్జీ గారికి పెడతాను. 1936 ఇంగ్లండ్ పర్యటనలో భారత క్రికెట్ కెప్టెన్‌గా మూడు టెస్టుల్లో 33 పరుగులు, సగటు 8.25. ఆయన అభిమానులు ఉత్తరాలు ఇప్పుడే మొదలుపెట్టుకోవచ్చు.