‘చరిత్రలో ఈరోజు’ రాసే చేయి

పేపర్లో ‘చరిత్రలో ఈరోజు’కు దక్కేది కొద్దిపాటి జాగా. పని మాత్రం పెద్దది. జయంతి, వర్ధంతి, దినోత్సవం... ఒక్క అంకె తప్పినా, పొద్దున ప్రార్థనలో అది చదివే బడిపిల్లలందరికీ ఆ తప్పే చేరుతుంది.

మే 28 అనగానే 1923లో పుట్టిన ఎన్టీఆర్ గుర్తుకొస్తారు. అదే తేదీన, 1896లో, గద్వాల సీమలో సురవరం ప్రతాపరెడ్డి పుట్టారు. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టింది ఆయనే. ఈ రెండో పేరు మరవని చేతికి దండం పెట్టాలి.

అక్టోబరు 11 అంతర్జాతీయ బాలికా దినోత్సవం. 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలుగా ఏర్పడిందీ ఆ రోజే. ఆ ఏడు దసరా కూడా అప్పుడే పడింది. మూడూ ఒకే చోట కలిపి చూపడంలోనే ఉంది పనితనం.

మీ ఊరి బడి, చెరువు, గ్రంథాలయం తేదీలు తెలిస్తే ఆధారంతో సహా పత్రికకు రాసి పంపండి.