గవ్వలు ఒత్తే చిట్టి చేతులు

సంక్రాంతి పిండివంటల్లో అరిసెలు పెద్దల పని. పాకం చూడాలి, నూనె మూకుడు దగ్గర కూర్చోవాలి. గవ్వలు మాత్రం పిల్లలవే.

2 గ్లాసుల గోధుమపిండిలో 2 చెంచాల వేడి నెయ్యి, చిటికెడు ఉప్పు వేసి, కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ అమ్మ గట్టిగా కలుపుతుంది. 20 నిమిషాలు తడిగుడ్డ కప్పి ఉంచుతుంది. అప్పుడు చుట్టూ చేరతారు పిల్లలు. గోళీ అంత ఉండను గవ్వల పీట గీతల మీద పెట్టి, బొటనవేలితో నొక్కుతూ లాగితే చాలు, పిండి చుట్టుకుని గవ్వయిపోతుంది. పీట లేని ఇంట్లో కొత్త దువ్వెనే పీట.

ఆ చారలు అందానికే కాదు, బెల్లం పాకాన్ని పట్టి ఉంచేవీ అవే. మందంగా ఒత్తితే గవ్వ లోపల మెత్తగా ఉండిపోతుంది, పలచగా ఒత్తితే కరకరలాడుతుంది. ఎంత నొక్కాలో నాలుగు గవ్వలు చేసేసరికి వేలికే తెలిసిపోతుంది. సన్నసెగ మీద వేయించడం, ఉండపాకం పట్టడం పెద్దల వంతు.

డబ్బా మూత తీయగానే "ఇది నేను ఒత్తిందే!" అంటూ వంకర గవ్వను ఏరుకునే పిల్లను చూడండి. ఆ రుచి ఏ కొట్లోనూ దొరకదు. పిల్లల్ని పిండి ముట్టనిచ్చే ప్రతి అమ్మకూ, అమ్మమ్మకూ నా దండం.