మనిషిని కూర్చోబెట్టే విద్య

మనిషి ముఖాన్ని ప్రధాన విషయంగా తీసుకుని, పోలికతో పాటు స్వభావాన్ని కూడా చూపరులకు తెలియజెప్పే ఛాయాచిత్రాన్ని రూపచిత్రం అంటారు. స్టూడియోల వాడుకలో దానికే పోర్ట్రెయిట్ అని పేరు. ప్రకృతి దృశ్యాలనూ కట్టడాలనూ చక్కగా చిత్రించగలిగిన కొత్త ఛాయాగ్రాహకులు సైతం ఈ శాఖలో అడుగుపెట్టగానే తడబడుతుంటారు. అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడిన మనిషి కెమెరాను చూడగానే బిగుసుకుపోవడం, కళ్ల కింద నల్లని నీడలు పడడం, ముక్కు ఉన్నదానికంటే పెద్దదిగా కనిపించడం, తెల్లబట్టలు కట్టుకున్నవారి ముఖం చామనఛాయ నుంచి నలుపులోకి దిగిపోవడం తొలి ప్రయత్నాల్లో తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు. ఖరీదైన పరికరం కొంటే ఇవన్నీ తీరిపోతాయన్న నమ్మకం బలంగా ఉన్నప్పటికీ, పందొమ్మిదవ శతాబ్దం నుంచి కొనసాగిన స్టూడియో సంప్రదాయాన్ని పరిశీలిస్తే, వీటి పరిష్కారం చాలావరకు షట్టర్ నొక్కడానికి ముందు జరగవలసిన పనిలోనే ఉందని స్పష్టమవుతుంది.

ఆ సంప్రదాయానికి క్రమశిక్షణ నేర్పినది నాటి సాంకేతిక పరిమితి. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతిలో, గాజు పలకకు కొలోడియన్ అనే జిగురు ద్రావణాన్ని పూసి, దానిని సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే చిత్రం తీసి, వెంటనే చీకటి గదిలో రసాయనాలతో రూపం తేవలసి వచ్చేది. ఎండలు మెండుగా ఉన్న మన దేశంలో పలక మరింత త్వరగా ఆరిపోయేది కాబట్టి, ఎదుటి మనిషి ఎలా కూర్చోవాలి, చెయ్యి ఎక్కడ ఉంచాలి, వెలుగు ఏ వైపు నుంచి రావాలి అన్నవన్నీ పలక సిద్ధం కాకముందే తేలిపోయి ఉండాలి. చిత్రం పడేదాకా కొన్ని క్షణాల పాటు కదలకుండా ఉండవలసి రావడంతో, తల ఊగకుండా వెనుక నుంచి పట్టి ఉంచే ఇనుప ఊతకోలలను కూడా స్టూడియోల్లో వాడేవారు. 1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ ప్రతిపాదించిన జెలటిన్ పొడి పలకలు క్రమంగా వాడుకలోకి వచ్చి ఈ తొందరను తగ్గించినా, ముందుగా ఆలోచించి తర్వాత తీయడమనే అలవాటు మాత్రం స్టూడియోల్లో నిలిచిపోయింది.

ఈ అలవాటును మన నేల మీద గొప్ప కళగా పెంచినవారిలో రాజా దీన్‌దయాళ్ ముఖ్యులు. 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖ ఉద్యోగిగా ఉంటూ 1870ల నడుమ ఛాయాగ్రహణం చేపట్టిన ఆయన, తర్వాత సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యారు. పరదా పాటించే స్త్రీల కోసం ఆయన 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో ఏర్పాటు చేసి, దాని నిర్వహణను కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించడం రూపచిత్రణ చరిత్రలో గుర్తుంచుకోదగిన విషయం. చిత్రానికి కూర్చునే వ్యక్తి మనసు నిశ్చింతగా ఉంటేనే ముఖం సహజంగా ఉంటుందనీ, ఆ నిశ్చింతను కల్పించే బాధ్యత ఛాయాగ్రాహకునిదేననీ ఆ ఏర్పాటు చాటిచెబుతుంది. బిగుసుకుపోయిన ముఖం ఎదురైనప్పుడు కొత్తవారు గ్రహించవలసిన మొదటి పాఠం ఇదే: "నవ్వండి" అని ఆదేశించడం కంటే, కూర్చోవడానికి అనువైన ఆసనం చూపి, చేతులకు ఏదో ఒక ఆధారం ఇచ్చి, పనిని గురించో పిల్లలను గురించో నాలుగు మాటలు మాట్లాడించడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది.

రెండవ పాఠం వెలుగుకు సంబంధించినది. విద్యుద్దీపాలు రాకముందు స్టూడియోలకు ఉత్తరం వైపు పెద్ద కిటికీనో, వాలు గాజు కప్పునో ఏర్పాటు చేసేవారు. ఉత్తరార్ధగోళంలో ఏడాదిలో ఎక్కువ కాలం సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి, ఉత్తరపు కిటికీలోంచి నేరుగా ఎండ పడకుండా ఆకాశపు మెత్తని కాంతి మాత్రమే లోపలికి వస్తుంది. వెలుగు వచ్చే తలం ఎంత విశాలంగా ఉండి ముఖానికి ఎంత దగ్గరగా ఉంటే నీడల అంచులు అంత మెత్తబడతాయి. నడినెత్తిన ఉన్న ఎండలో కనుగుంటలు చీకటి కావడానికి కారణం వెలుగు పైనుంచి నిట్టనిలువుగా పడడమే గనుక, మనిషిని వసారా అంచు నీడలోకి జరిపి, ముఖాన్ని ఆరుబయటి వెలుగు వైపు తిప్పితే ఆ లోపం చాలావరకు పోతుంది.

స్టూడియోలో ముఖానికి ప్రధానంగా రూపమిచ్చే దీపాన్ని కీ లైట్ అనీ, అది కల్పించిన నీడను కొంత తేలికపరిచే రెండవ దీపాన్ని ఫిల్ లైట్ అనీ పిలుస్తారు. కీ లైట్‌ను ముఖానికి ఒక పక్కగా, కంటి మట్టం కంటే ఎత్తులో, సుమారు 45 డిగ్రీల కోణంలో నిలపడం అభ్యాసానికి అనువైన ఆరంభం. దానిని మరికొంత పక్కకు జరిపి, నీడ వైపు చెంప మీద చిన్న త్రికోణపు వెలుగు మాత్రమే మిగిలేలా చేస్తే, పదిహేడవ శతాబ్దపు డచ్ చిత్రకారుని పేరుతో వ్యవహరించే రెంబ్రాంట్ లైటింగ్ ఏర్పడుతుంది. కంటిపాపలో మెరిసే వెలుగు చుక్కను క్యాచ్‌లైట్ అంటారు. అది లేని కళ్లు నిర్జీవంగా తోస్తాయి కనుక, దీపం స్థానం సరిగా ఉన్నదీ లేనిదీ మొదట కళ్లలోకి చూసి నిర్ణయించడం మంచి పద్ధతి. రెండవ దీపం లేనివారు నీడ వైపు తెల్లని దుప్పటినో థర్మాకోల్ పలకనో నిలిపి అదే పని సాధించవచ్చు.

మూడవది దూరం. ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా కనిపించడానికి కారణం కెమెరా మరీ దగ్గరగా ఉండడమే. అంత దగ్గర నుంచి చూసినప్పుడు ముక్కుకూ చెవులకూ మధ్య ఉన్న కొద్దిపాటి దూరం కూడా పరిమాణంలో పెద్ద తేడాగా మారుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల్లో 85 నుంచి 135 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ గల లెన్సులను రూపచిత్రాలకు మెచ్చుకోవడంలోని రహస్యం, అవి ఛాయాగ్రాహకుడు కాస్త వెనక్కి జరిగినా ముఖాన్ని చట్రం నిండా చూపగలగడమే. సెల్‌ఫోను వాడేవారు కూడా ఒకటి రెండు అడుగులు వెనక్కి వేసి, తర్వాత చిత్రాన్ని కత్తిరించుకుంటే ముఖం పోలిక చెడదు.

వెలుగును కొలిచే మీటరు గురించిన అవగాహన తెలుగువారి వస్త్రధారణ దృష్ట్యా మరీ అవసరం. కెమెరాలోని మీటరు తనకు కనిపించిన దృశ్యాన్ని మధ్యస్థమైన బూడిద ఛాయగా భావించి లెక్కగడుతుంది. అందుచేత తెల్లని పంచె, కండువాతో ఉన్న పెద్దమనిషిని చూపినప్పుడు ఆ తెలుపును బూడిద చేయబోయి ముఖాన్ని నల్లబరుస్తుంది, ముదురు రంగు పట్టుచీర చట్రమంతా పరుచుకున్నప్పుడు అవసరానికి మించి వెలుగునిచ్చి ముఖాన్ని వెలవెలబోయేలా చేస్తుంది. ముఖం మీది వెలుగునే విడిగా కొలవడం, లేదా 18 శాతం కాంతిని ప్రతిఫలించే బూడిద కార్డును ముఖం దగ్గర ఉంచి కొలవడం దీనికి విరుగుడు. చర్మపు సహజ ఛాయను ఉన్నదున్నట్టు చూపడం సాంకేతిక నైపుణ్యంతో పాటు ఎదుటి మనిషి పట్ల గౌరవానికి కూడా గుర్తు.

స్టూడియో సంప్రదాయంలో రీటచింగ్‌కు, అంటే తీసిన చిత్రాన్ని చేతితో సరిదిద్దడానికి, ప్రత్యేక స్థానం ఉండేది. నాటి పలకలకు నీలి కాంతి పట్ల స్పందన ఎక్కువ, ఎరుపు పట్ల దాదాపు శూన్యం. ఆ కారణంగా ఎర్రని కుంకుమ బొట్టు నల్లగానూ, చర్మం మీది ఎర్రని మచ్చలు ముదురుగానూ పడేవి. ముడతలూ మచ్చలూ నెగెటివ్‌లో పలుచని భాగాలుగా ఉంటాయి గనుక, వాటి మీద సన్నగా చెక్కిన పెన్సిలుతో సుకుమారంగా గీతలు వేస్తే ప్రింటులో అవి తేలికపడేవి. ఇంత ఓపిక ఉన్న పనివారికి కూడా ఎక్కడ ఆగాలో తెలియడమే అసలు పరీక్ష. వయసు తెచ్చిన గీతలన్నిటినీ చెరిపేస్తే పోలికే పోతుంది. నేటి సాఫ్ట్‌వేర్ ఆ పనిని ఒక్క మీటతో చేసిపెడుతోంది కాబట్టి, ఈ నిగ్రహం కొత్తవారికి మునుపటి కంటే ఎక్కువ అవసరం.

తెలుగు ఇళ్లలో రూపచిత్రం జీవితపు ముఖ్య ఘట్టాలతో ముడిపడి ఉంది. పెళ్లి సంబంధాలకు పంపే ఫొటో, షష్టిపూర్తి నాటి దంపతుల చిత్రం, కాలం చేసిన పెద్దలకు పటం కట్టించి గోడకు వేలాడదీసే ఆనవాయితీ దీనికి నిదర్శనాలు. చాలా కుటుంబాల్లో ముత్తవ్వ ముఖం ఎలా ఉండేదో మునిమనవలకు తెలిపే ఆధారం ఏదో ఒక ఊరి స్టూడియోలో తీసిన ఒకే ఒక్క ఫొటో. అందువల్ల ఈ విద్యను అభ్యసించేవారు వందల కొద్దీ చిత్రాలు తీసి అందులోంచి ఏరుకునే పద్ధతిని కొంతకాలం పక్కనబెట్టి, ఒక కిటికీ, ఒక కుర్చీ, తెలిసిన ఒక మనిషి అన్న హద్దుల్లో, ప్రతి చిత్రానికీ ముందు వెలుగునూ దూరాన్నీ కూర్చున్న తీరునూ సరిచూసుకుంటూ కొద్ది చిత్రాలే తీయడం మేలు. తమ చేతుల మీదుగా వచ్చిన ముఖమే రాబోయే తరాలకు ఆ మనిషిగా నిలిచిపోవచ్చునన్న ఎరుక కలిగిననాడు, ఆ సావధానం ఎవరూ చెప్పకుండానే అలవడుతుంది.