ముందుమాట: ఇక ఆడవాళ్ల వంతు

రంగం (రంగూన్) వెళ్లిన తెలుగువాళ్ల గురించి కాగితాలకు కొదవ లేదు. ఓడల లెక్కలు, మేస్త్రీల ఖాతాలు, రేవులో బస్తాలు మోసినవాళ్ల కూలి, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్ల తలకాయల లెక్క, అన్నీ వెతికితే దొరుకుతాయి. ఆడవాళ్ల మాట మాత్రం వాటిలో అరుదు. వెళ్లినవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. వెళ్లిన కొద్దిమంది ఆడవాళ్లను కూర్చోబెట్టి నీ సంగతేమిటమ్మా అని అడిగినవాళ్లు తక్కువ. రంగూన్ పక్కనున్న ఇన్సేన్‌లో పుట్టి పెరిగిన ఒక తెలుగు అమ్మాయి ఆ లోటు పూడ్చడానికి పూనుకుని ఒక ఆట రాసింది. నలుగురైదుగురు ఆడవాళ్లు ఒకచోట కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, మాటలతో కథ నడుపుకునే ఆట. రాతప్రతి చదివాను. ఇక్కడ విశాఖపట్నంలో, బర్మా నుంచి తిరిగివచ్చినవాళ్లుండే బర్మా క్యాంపులో ఇరుగుపొరుగు ఆడవాళ్లను కూడేసి ఆడి కూడా చూశాను. ఆ తర్వాతే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇలాంటివాటిని రోల్ ప్లేయింగ్ ఆటలంటారు. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'తో ఇవి జనంలోకి వచ్చాయి. బొమ్మ సైనికులతో ఆడే యుద్ధపుటాటల్లోంచి పుట్టింది కనక అందులో కత్తి, కవచం, సొరంగం, నిధి ముఖ్యం. మొదట్లో ఆడినవాళ్లూ ఎక్కువగా మగపిల్లలే. ఆ ఆట అచ్చువేసిన టీఎస్ఆర్ కంపెనీలో 1979లో డిజైనరుగా చేరిన జీన్ వెల్స్ అనే ఆమె ఒక సాహసకథ రాసింది. 1981లో అది అచ్చయ్యాక కంపెనీ ప్రతులు వెనక్కి తెప్పించి, ఇంకొకరి చేత తిరగరాయించింది.

ఆ తర్వాత దారులు తెరుచుకున్నాయి. 2005లో ఎమిలీ కేర్ బాస్ 'బ్రేకింగ్ ది ఐస్' తెచ్చింది. ఇద్దరు మనుషులు ఒకరికొకరు దగ్గరయ్యే తొలి మూడు కలయికలే ఆ ఆటంతా. జేసన్ మార్నింగ్‌స్టార్ రాసిన 'నైట్ విచెస్'లో ఆడేవాళ్లందరూ రెండో ప్రపంచయుద్ధంలో రాత్రిపూట బాంబులు వేసిన సోవియట్ మహిళా వైమానికులే. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన 'గుడ్ సొసైటీ' జేన్ ఆస్టిన్ నవలల లోకాన్ని బల్ల మీదికి తెచ్చింది. అందులో పరువు, పుకారు, ఉత్తరం, ఇవే ఆయుధాలు. కత్తి లేకుండా కూడా గుండె దడదడలాడే ఆట ఆడుకోవచ్చని ఇవి రుజువు చేశాయి.

మన ఆడపిల్లలకు ఇది కొత్త విద్యేం కాదు. బొమ్మల పెళ్లిలో ఒక జట్టు మగపెళ్లివారై, ఒక జట్టు ఆడపెళ్లివారై, కట్నాల దగ్గర అలిగి, మర్యాదలు తక్కువయ్యాయని లేచిపోయి, మళ్లీ బతిమాలించుకుని వచ్చేవాళ్లం. అది అచ్చంగా పాత్ర కట్టి ఆడటమే. కాకపోతే పెద్దమనిషి అయ్యాక ఆ ఆట కట్టిపెట్టమనేవారు. మిగిలినవి గవ్వలు, వైకుంఠపాళి. వైకుంఠపాళిలో మన ప్రమేయం ఏమీ లేదు. పందెం ఎంత పడితే అంత. నిచ్చెన వస్తే ఎక్కుతాం, అరుకాసురుడి పాము నోట పడితే కిందికి జారతాం. ఈ అమ్మాయి ఆటలోనూ గవ్వలున్నాయి. కాని అవి తేల్చేది ఒక్క సంగతే. తలపెట్టిన పని నెరవేరిందా, నెరవేరితే దానికి ఏం చెల్లించాలి అన్నంత వరకే. ఏ పని తలపెట్టాలి, ఏది పోగొట్టుకోవాలి, ఎవరికి చెప్పాలి, ఎవరి దగ్గర దాచాలి అన్నవి ఆడే మనిషి చేతిలో ఉంటాయి.

కథ ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపు పక్కన ఒక కూలీల లైనులో నడుస్తుంది. రంగూన్ నుంచి ప్రోమ్‌కు 1877లో పడిన బర్మా తొలి రైలు మార్గం ఇన్సేన్ మీదుగానే పోతుంది. ఆట నాలుగు అంకాలు. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీల సమ్మె తర్వాత బర్మావాళ్లతో చెలరేగిన కొట్లాటలు మొదటిది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక అరకాన్ కొండల దారిన ఇండియాకు నడక రెండోది. 1949లో కరెన్ తిరుగుబాటులో నూటపన్నెండు రోజులు సాగిన ఇన్సేన్ ముట్టడి మూడోది. 1964లో మనవాళ్లు ఎందరో బర్మా వదిలి ఓడ ఎక్కడం నాలుగోది. పాత్ర చీటిలో బలం ఎంత, వేగం ఎంత అని అంకెలు ఉండవు. ఈమె ఎవరికి బాకీ ఉంది, ఎవరి మాట కాదనలేదు, ఏ పని కళ్లు మూసుకుని చేయగలదు, ఏ సంగతి పెదవి దాటనివ్వదు అని నాలుగు గళ్లు.

నాలుగో అంకంలో ఒక ఘట్టం చెబుతాను. బర్మాను ఏలుతున్న జనరల్ నే విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలు స్వాధీనం చేసుకుంది. మే 17న యాభై, నూరు చాట్ల నోట్లు చెల్లవని ప్రకటించింది. ఓడ ఎక్కేవాళ్లు వెంట తీసుకుపోయే నగానట్రా మీద కట్టడి. ఆట నడిపే సూత్రధారిగా కూర్చున్న ఆమె అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: 'అత్తగారు పెట్టిన నాలుగు గాజులున్నాయి. రేపు ఓడ. ఏం చేస్తావు?' మేం ఆడినప్పుడు ఒకామె పొయ్యి కింద పాతిపెడతానంది. ఇంకొకామె పక్కింటి బర్మా ఆవిడ చేతిలో పెట్టి, తిరిగొస్తే ఇమ్మంటానంది. మూడో ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి 'నేను ఓడ ఎక్కను' అంది. గవ్వలు వేస్తే ఏడింట్లో రెండే వెల్లకిలా పడ్డాయి. అంటే ఉండిపోవచ్చు, కాని ఇద్దరు పిల్లల్లో ఒకరు తండ్రితో వెళ్లిపోతారు. ఏ బిడ్డో చెప్పాల్సింది ఆమే. ఆ గదిలో ఎవరికీ నోట మాట రాలేదు. నేను ఓడ ఎక్కి వచ్చినవాళ్ల బిడ్డను. ఈ ఆట రాసిన అమ్మాయి ఉండిపోయినవాళ్ల మనవరాలు. ఉండిపోయిన ఇల్లాలి మనసులో ఏం నడిచిందో ఇన్నేళ్లలో నాకు ఎవరూ ఇంత దగ్గరగా చూపించలేదు.

ఇలాంటి చోట ఆడేవాళ్ల మనసు తట్టుకోలేకపోవచ్చు. దానికి ఈ అమ్మాయి ఏర్పాటు చేసింది. జాన్ స్టావ్రోపోలస్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన ఎక్స్ కార్డు పద్ధతి ఇప్పుడు చాలా ఆటల్లో ఉంది. ఎవరైనా ఆ కార్డు ముట్టుకుంటే ఆ ఘట్టం అక్కడితో ఆగుతుంది. ఎందుకని ఎవరూ అడగకూడదు. ఇక్కడ కార్డు బదులు ఒక పసుపు కొమ్ము మధ్యలో పెడతారు. ఆడవాళ్లు కూడి ఆడే ఆటకు ఇది ఉండి తీరాలి.

మొదటి ప్రతిలో ఒక వెలితి కనిపించింది. పాత్రలన్నీ తెలుగు ఆడవాళ్లే. 1930 కొట్లాటల అంకంలో బర్మా ఇల్లాలి పాత్ర ఒకటి లేకపోతే కథ ఒంటికన్నుతో చూసినట్టవుతుందని చెప్పాను. ఆమె ఒప్పుకుని పాత్ర కల్పించింది. ఇప్పుడు ఆటలో నాకు అన్నిటికంటే నచ్చిన పాత్ర అదే. ఇంకో సూచన కూడా ఉంది. రెండో అంకం నిడివి ఎక్కువ. మొదటిసారి ఆడేవాళ్లు దాన్ని రెండు పూటలుగా విడగొట్టుకుంటే మంచిది.

ఇక భాష సంగతి. ఇన్సేన్ తెలుగు పిల్లల చదువు బర్మా భాషలో సాగుతుంది. ఇంట్లో తెలుగు వినేవాళ్లున్నా అక్షరాలు వచ్చినవాళ్లు కొద్దిమందే. వాళ్లకు వాచకం ఇస్తే అటకెక్కుతుంది. ఈ ఆటలో మాట్లాడకుండా వంతు గడవదు. తెలియని మాట పక్కన కూర్చున్న అమ్మమ్మను అడగాలి, చెప్పాలి, బతిమాలాలి, బొంకాలి, అన్నీ తెలుగులోనే. అందుకే ఎడమ పేజీలో తెలుగు లిపి, కుడి పేజీలో అదే తెలుగు బర్మా లిపిలో వేశారు. 2018లో వచ్చిన 'డయలెక్ట్' అనే ఆటలో ఒంటరిగా మిగిలిన ఒక చిన్న సమూహం తన భాషను కల్పించుకుని, చివరకు పోగొట్టుకుంటుంది. గొప్ప ఆట అది. మన అమ్మాయి అటునుంచి నరుక్కొచ్చింది. పోతున్న భాషను పూటకింత నోటికి తెప్పిస్తోంది. కరెంటు గంటల తరబడి ఉండని ఊళ్లో కొవ్వొత్తి వెలుగున ఆడుకోవడానికి కాగితం, పెన్సిలు, ఏడు గవ్వలు చాలు.

ఈ పుస్తకం కొన్నవాళ్లు దయచేసి అలమరలో పెట్టకండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే సూత్రధారి పీట ఆమెకు వేయండి. అమ్మాయిలను చుట్టూ కూర్చోబెట్టండి. కోడళ్లను పిలవండి, పక్కింటివాళ్లను పిలవండి. మీ ఇంట్లో జరిగిన సంగతి ఒకటి గుర్తొస్తే ఐదో అంకంగా రాసి ఈ అమ్మాయికి పంపండి. రెండో ముద్రణలో చేరుస్తానని నాకు మాటిచ్చింది.