మెట్ల పైన కాపలా

మా చిన్నమ్మ వాళ్ల ఇల్లు గౌలిపురాలో. ఇరుకు నడవ, చివర నిటారు మెట్లు, పైన రెండు పడగ్గదులు. ఎక్కాలన్నా దిగాలన్నా అదే దారి. పోయిన ఆదివారం ఆ మెట్ల పైన, పడగ్గదుల ముందు, కప్పుకు స్మోక్ అలారం బిగించాను.

"ఇంట్ల ఇంతమందిమి ఉన్నం. పొగొస్తె వాసన తెల్వదారా?" అంది చిన్నమ్మ, స్టూలు పట్టుకుని.

మెలకువగా ఉంటే తెలుస్తుంది. గాఢనిద్రలో ఉన్న మనిషిని పొగ వాసన లేపుతుందన్న నమ్మకం లేదు. చప్పుడు లేపుతుంది.

2025 మే 18 ఆదివారం ఉదయం చార్మినార్‌కు కూతవేటు దూరంలో, గుల్జార్ హౌజ్ దగ్గర ఓ ఇల్లు అంటుకుంది. కింద నగల దుకాణాలు, పైన కాపురం, రాకపోకలకు ఒకటే ఇరుకు దారి. 17 మంది పోయారు. వాళ్లలో 8 మంది పసివాళ్లు. ఎక్కువమందిని బలిగొన్నది పొగే. ఆ వార్త చదివిన రోజు నుంచి చిన్నమ్మ ఇంటి మెట్లు నా కళ్లముందే ఉన్నాయి.

నేను బిగించిన అలారం లోపల చిన్న చీకటి గది ఉంటుంది. అందులో ఓ కాంతిరేఖ సెన్సార్‌కు తగలకుండా పక్కనుంచి పోతుంటుంది. పొగ దూరితే ఆ వెలుగు చెదిరి సెన్సార్ మీద పడుతుంది. వెంటనే మోత. దీన్ని పొయ్యి పక్కన పెట్టకూడదు. పోపు వేసినప్పుడల్లా మోగితే విసుగొచ్చి ఎవరో ఒకరు బ్యాటరీ పీకేస్తారు. ఫ్యాన్ గాలి తగిలే చోటా వద్దు. నెలకోసారి బటన్ నొక్కి చూడాలి, పదేళ్లకు మొత్తం మార్చేయాలి.

కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు ఈ అలారం చాలదు. దానికి రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌కంటే దాన్నే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి, గాలాడని స్నానాలగదిలో గ్యాస్ గీజర్ ఉంటే చాలు, అది పోగవుతుంది. చిన్నమ్మ ఇంట్లో గీజర్ ఉంది. అందుకే స్నానాలగది తలుపు బయట గోడకు రెండో అలారం, కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టేది, పెట్టాను.

బటన్ నొక్కాను. ఇల్లంతా అదిరింది. పై గదిలో నిద్రపోతున్న మనవరాలు గాభరాగా లేచి మెట్లు దిగుతూ, కింద మెట్టు మీది బియ్యం బస్తా దగ్గర ఆగిపోయింది.

చిన్నమ్మ ఒక్క క్షణం బస్తాను చూసింది. "ఇటు రారా, ఓ చెయ్యి పట్టు" అంది. బస్తా, పాత కూలర్, సైకిల్ అన్నీ తీసి మెట్లు ఖాళీ చేసేసరికి చీకటి పడింది.